పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: మార్పులు చేసిన బండికి రెండో బ్రేక్ లైట్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో బండి వెనుక దీపాల గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నందువల్ల, మైలేజీ, టైర్ల ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయించాము. ఒకే రకం ఉత్తరాలను కలిపి, ఒక్కో సమస్యకు ఒక్కో ఉత్తరాన్ని మాత్రమే ప్రచురిస్తున్నాము.

ప్రశ్న: నా దగ్గర పాత 350 బుల్లెట్ ఉంది. వెనుక మడ్‌గార్డు కోయించి, ఒంటి సీటు వేయించి, నంబరు ప్లేటునూ టెయిల్ ల్యాంపునూ ఎడమవైపు చక్రం ఇరుసు దగ్గరికి దింపించాను. చూడడానికి బాగానే ఉంది కానీ, బ్రేక్ లైటు వెలుగుతున్నట్టే తెలియడం లేదని వెనుక కార్లలో వచ్చే మిత్రులు అంటున్నారు. సీటు కింద బిగించడానికి చిన్న ఎల్‌ఈడీ బ్రేక్ లైటు కొన్నాను. దానికి ఎరుపు, నలుపు వైర్లు రెండే ఉన్నాయి. నలుపు ఎర్త్ అని తెలుసు కాబట్టి దాన్ని బండి వైరింగులోని నల్ల వైరుతో కలిపి, ఆ జాయింటును ఛాసిస్ బోల్టుకు బిగించి తాళం తిప్పగానే ఫ్యూజు పోయింది. వైరింగు వేసిన మెకానిక్ ఇప్పుడు ఊళ్లో లేడు. రిలే లేకుండా కలిపితే వైర్లు కాలిపోతాయని మరొక మెకానిక్ భయపెడుతున్నాడు. అసలు ఎక్కడ కలపాలి, ఎలా కలపాలి?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి

సమాధానం: మీ ఫ్యూజు ఎందుకు పోయిందో ముందుగా చూద్దాము. వైర్ల రంగులకు అన్ని కంపెనీలూ పాటించే ఒకే నియమం ఏదీ లేదు. బ్రిటిష్ బండ్లు అనుసరించిన లూకాస్ కంపెనీ పద్ధతిలో నలుపు ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి వెళ్లే దారి), ఆకుపచ్చ తాళం తిప్పిన తరువాత ఫ్యూజు దాటి వచ్చే పాజిటివ్, బ్రేక్ లైటుకు వెళ్లేది ఆకుపచ్చ మీద ఊదా గీత ఉన్న వైరు. హోండా పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. అందులో ఆకుపచ్చ ఎర్త్, నలుపు తాళం తిప్పగానే కరెంటు వచ్చే పాజిటివ్, బ్రేక్ లైటు వైరు ఆకుపచ్చ మీద పసుపు గీత, టెయిల్ ల్యాంపు వైరు గోధుమ రంగు. మన వీధుల్లో ఎక్కడ చూసినా కనిపించే హీరో హోండా స్ప్లెండర్ తరహా బండ్లు ఈ రెండో పద్ధతివి. మార్పులు చేసే షెడ్లలో పాత వైరింగును పూర్తిగా తీసేసి, చవకగా, సులభంగా దొరికే వంద సీసీ బండి వైరింగు సెట్టును తెచ్చి బుల్లెట్‌కు సరిపెట్టడం మామూలే. మీ బండిలోనూ అదే జరిగి ఉంటే, మీరు ఎర్త్ అనుకున్న నల్ల వైరు నిజానికి ఇగ్నిషన్ పాజిటివ్. దాన్ని ఛాసిస్‌కు బిగించడమంటే బ్యాటరీని నేరుగా షార్టు చేయడమే. ఫ్యూజు తన పని తాను చేసింది. దాని స్థానంలో వెండి కాగితమో, రాగి తీగో చుట్టకుండా, అంతే ఆంపియర్ల కొత్త ఫ్యూజు వేయండి.

కాబట్టి మార్పులు చేసిన బండిలో రంగును చూసి వైరును నిర్ణయించకండి, పరీక్షించి నిర్ణయించండి. మల్టీమీటరును 20 వోల్టుల డీసీ వద్ద పెట్టి, నల్ల ముల్లును నేరుగా బ్యాటరీ నెగెటివ్ మీద ఉంచండి. ఛాసిస్ మీద పెడితే రంగు పూత వల్ల తప్పుడు కొలత రావచ్చు. తాళం తిప్పి, టెయిల్ ల్యాంపు కనెక్టరులోని ఒక్కొక్క వైరునూ ఎర్ర ముల్లుతో తాకండి. బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే 12 వోల్టులు చూపి, వదలగానే సున్నాకు వచ్చేది మీకు కావలసిన వైరు. లైట్ల స్విచ్చు వేస్తే కరెంటు వచ్చేది టెయిల్ ల్యాంపుది. తాళం తిప్పగానే ఎప్పుడూ 12 వోల్టులు చూపే వైరు జోలికి ఇక్కడ వెళ్లకండి. మీటరుతో పాటు, మన ఆటో ఎలక్ట్రీషియన్లు వాడే టెస్ట్ ల్యాంపుతో, అంటే రెండు వైర్లు తగిలించిన 21 వాట్ల మామూలు బల్బుతో, ఇంకొకసారి చూడడం మంచిది. మీటరు దాదాపు కరెంటు తీసుకోదు కనుక, లోపల తుప్పుపట్టి ఒకటి రెండు పోగులు మాత్రమే మిగిలిన వైరు కూడా దానికి 12 వోల్టులు చూపిస్తుంది. బల్బు మాత్రం అలాంటి వైరు మీద మినుకుమినుకుమంటూ అసలు సంగతి బయటపెడుతుంది.

బ్రేక్ లైటు దారి చాలా చిన్నది. బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు, అక్కడి నుంచి ఇగ్నిషన్ తాళం, తరువాత బ్రేకు స్విచ్చు, బల్బు, చివరికి ఎర్త్. కొత్త దీపాన్ని స్విచ్చుకూ పాత బల్బుకూ మధ్య ఉన్న వైరు నుంచి, పాత బల్బుకు సమాంతరంగా, అంటే ప్యారలల్‌గా, కలపాలి. సిరీస్‌లో, అంటే ఒకదాని వెనుక ఒకటిగా, కలిపితే కరెంటు ఎల్‌ఈడీని దాటి బల్బుకు చేరవలసి వస్తుంది కనుక పాత బల్బు వెలగదు. ఇక ఈ పని మొత్తానికీ మేము పెట్టుకోమనే షరతు ఒక్కటే: కొత్త దీపానికి ఏమైనా సరే, పాత దీపం మాత్రం ఆరిపోకూడదు. కంపెనీ ఇచ్చిన దీపం బండి హక్కు, మీరు పెట్టేది అదనం. ఫ్యూజు ఎక్కడ, జాయింటు ఎలా, ఎర్త్ ఏ బోల్టుకు అన్న ప్రశ్నలన్నీ ఈ షరతుతోనే తేలిపోతాయి.

రిలే సంగతి చూద్దాము. రిలే అంటే లోపలి కాయిల్‌లో చిన్న కరెంటు పారితే పెద్ద కరెంటు దారిని కలిపే స్విచ్చు. 12 వోల్టుల బండిలో బ్రేక్ లైటు ఫిలమెంటు 21 వాట్లది, అంటే అది తీసుకునే కరెంటు 1.75 ఆంపియర్లు. మీరు అలాంటి ఫిలమెంటు బల్బునే రెండోదిగా పెడితే మొత్తం 3.5 ఆంపియర్లవుతుంది. ఒక్క బల్బు కోసమే చేసిన చిన్న బ్రేకు స్విచ్చులో ఆ లోడుకు కాంటాక్టులు మాడిపోవచ్చు కాబట్టి అప్పుడు రిలే అవసరం. మీరు కొన్నది రెండు, మూడు వాట్ల ఎల్‌ఈడీ. అది తీసుకునేది 0.25 ఆంపియరు లోపే. మామూలు కారు రిలే కాయిల్ నిరోధం సుమారు 80 ఓంలు, అంటే కాయిల్ ఒక్కటే 0.15 ఆంపియరు తీసుకుంటుంది. స్విచ్చు మీద భారం తగ్గించడానికి రిలే పెట్టి, ఆ రిలేతోనే దాదాపు ఎల్‌ఈడీ అంత భారం తిరిగి స్విచ్చు మీద వేయడంలో అర్థం లేదు. పైగా సింగిల్ సిలిండరు బుల్లెట్ అదురుకు రిలే సాకెట్టులో నాలుగు పిన్నులు, నాలుగు వైర్లు, అంటే వదులవడానికి మరో నాలుగు చోట్లు అదనంగా చేరతాయి. మిమ్మల్ని భయపెట్టిన మెకానిక్ హారన్లకూ ఫాగ్ లైట్లకూ వర్తించే మంచి మాటను దానికి సంబంధం లేని చోట చెప్పాడు.

రిలే వద్దన్నాము కానీ ఫ్యూజు తప్పనిసరి అంటున్నాము. పాత బుల్లెట్లలోనూ, షెడ్డులో వైరింగు వేసిన చాలా బండ్లలోనూ అన్నింటికీ కలిపి ఒక్కటే పెద్ద ఫ్యూజు ఉంటుంది. కొత్త వైరు సీటు కింద ఎక్కడో ఛాసిస్ అంచుకు రాసుకుని షార్టయితే ఆ పెద్ద ఫ్యూజు పోతుంది, దానితో బ్రేక్ లైటూ హారనూ ఇండికేటర్లూ ఒకేసారి ఆగిపోతాయి. ఇగ్నిషన్ కూడా ఆ ఫ్యూజు మీదే ఉంటే బేగంపేట ఫ్లైఓవరు మీద రాత్రిపూట బండే ఆగిపోతుంది. అందుకని పాత వైరు నుంచి కొత్త వైరు విడిపోయిన చోట, జాయింటుకు నాలుగు అంగుళాల లోపే, 1 లేదా 2 ఆంపియర్ల చిన్న ఇన్‌లైన్ ఫ్యూజు పెట్టండి. షార్టు వస్తే సాధారణంగా ఆ చిన్నదే ముందు పోతుంది, మీ పాత దీపం పనిచేస్తూనే ఉంటుంది. దీపం దగ్గర ఫ్యూజు పెట్టే అలవాటు కొందరికి ఉంది. అక్కడ పెడితే మధ్యలో ఉన్న వైరుకు రక్షణ ఉండదు.

వైరు 0.5 చదరపు మిల్లీమీటర్లది చాలు, 0.75 అయితే బలంగా ఉంటుంది. ఇళ్లలో వేసే ఒంటి తీగ వైరు వద్దు, సన్నని పోగులున్న ఆటో వైరే వాడండి. జాయింటు విషయంలో మన షెడ్లలో జరిగేది పాఠకులందరూ చూసే ఉంటారు. బ్లేడుతో పాత వైరు తొడుగు చెక్కి, కొత్త వైరును దాని చుట్టూ మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టి, సీటు కిందికి తోసేస్తారు. హైదరాబాదు ఏప్రిల్ ఎండకు ఆ టేపు జిగురు కారి చుట్ట ఊడుతుంది, జూన్ వానకు రాగి ఆకుపచ్చగా మారుతుంది, దసరా నాటికి దీపం తనకు ఇష్టమైనప్పుడు వెలుగుతుంది. వైరును గుచ్చి పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పులు కూడా అదురున్న బండికి మంచివి కావు, అవి సన్నని పోగులను సగం కోసేస్తాయి. మెరుగైన పద్ధతి ఏమిటంటే, టెయిల్ ల్యాంపు కనెక్టరు దగ్గర తూటా ఆకారంలో ఉండే బుల్లెట్ పిన్నులుంటే ఒకటి లోపలికి, రెండు బయటికి ఉండే జంట సాకెట్టు పెట్టి, వైరును ఎక్కడా కోయకుండా కొత్త పిన్నును అందులో గుచ్చడం. అది వీలుకాకపోతే పిన్నును క్రింపింగు ప్లయరుతో గట్టిగా నొక్కించి, లోపల జిగురుండి, వేడి చేస్తే ముడుచుకుని బిగిసే హీట్ ష్రింక్ స్లీవు తొడిగించండి. సోల్డరింగు చేస్తే తప్పేమీ లేదు, కాకపోతే సీసం పాకి గట్టిపడిన చోటు ముగిసే దగ్గర అదురుకు వైరు తెగుతుంది. అక్కడ వైరును ఫ్రేముకు టై వేసి కదలకుండా ఉంచాలి. పిన్నులు, స్లీవులు, ఫ్యూజు హోల్డర్లు, కింద మరో పాఠకుడికి చెప్పబోయే డయోడ్లు కోఠి గుజరాతీ గల్లీలో ఒకే చోట దొరుకుతాయి.

ఎర్త్ వైరును ఛాసిస్ బోల్టుకు బిగిస్తే సరిపోతుందనుకుంటారు. మార్పులు చేసిన బండికి పౌడర్ కోటింగు వేయించి ఉంటారు, మడ్‌గార్డు రబ్బరు వాషర్ల మీద కూర్చుని ఉంటుంది. రెండూ కరెంటును ఆపేవే. కొత్త దీపం నల్ల వైరును నేరుగా బ్యాటరీ నెగెటివ్ వరకూ తీసుకుపోండి, ఒక మీటరు వైరు ఖర్చుతో అయిపోతుంది. పాత టెయిల్ ల్యాంపు ఎర్త్ కూడా ఈ సందర్భంలోనే చూసుకోండి. రెండు ఫిలమెంట్ల బల్బుకు ఎర్త్ చెడితే, బ్రేకు కరెంటు బయటికి దారి దొరక్క రెండో ఫిలమెంటు గుండా వెనక్కి పోతుంది. బ్రేకు నొక్కగానే టెయిల్ లైటు మసకబారడం, ఇండికేటరు వేస్తే బ్రేక్ లైటు దానితో పాటు కొట్టుకోవడం వంటి వింతలన్నింటికీ నూటికి తొంభై పాళ్లు మూలం అదే.

ఇక ఎక్కడ బిగించాలన్నది. మీ పాత దీపం చక్రం ఇరుసు ఎత్తులో, ఒక పక్కన ఉంది. వెనుక కారు బాగా దగ్గరికి వస్తే దాని బానెట్టు చాటున పడుతుంది. ఎత్తులో, మధ్యలో ఉన్న మూడో దీపం వల్ల ప్రయోజనం ఉందో లేదో కార్ల విషయంలో చాలాకాలం క్రితమే పరీక్షించారు. 1974లో జాన్ వోవోడ్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త శాన్‌ఫ్రాన్సిస్కో టాక్సీలకు మూడో బ్రేక్ లైటు పెట్టి చూస్తే, వెనుక నుంచి గుద్దుకునే ప్రమాదాలు సగానికి పైగా తగ్గాయి. 1986 మోడల్ నుంచి అమెరికాలో ప్యాసింజరు కార్లన్నింటికీ దానిని తప్పనిసరి చేశారు. అన్ని కార్లకూ అది వచ్చి జనం కళ్లకు అలవాటు పడిపోయాక, 1998లో అక్కడి రహదారి భద్రతా సంస్థ వేసిన లెక్కలో తగ్గుదల 4.3 శాతంగా తేలింది. మోటారుసైకిలుకు ఈ అంకెలు అలాగే వర్తిస్తాయని మేము అనడం లేదు. కానీ చూపు పడే ఎత్తులో దీపం ఉంటే మేలన్నది మాత్రం వీటివల్ల నిలబడే మాట. సీటు వెనుక అంచు కింద, మధ్యలో, దీపం అద్దం నిటారుగా వెనక్కి చూసేటట్టు బిగించండి. ఎల్‌ఈడీ ముఖం కొంచెం కిందికో పైకో వాలినా వెలుగు బాగా తగ్గిపోతుంది. బిగించాక ఇరవై అడుగులు వెనక్కి వెళ్లి, కారు నడిపేవారి కళ్ల ఎత్తుకు వంగి, మిట్ట మధ్యాహ్నం ఎండలో చూడండి. రాత్రిపూట ఏ దీపమైనా బాగానే కనిపిస్తుంది.

ఎల్‌ఈడీ వల్ల ఇంకొక లాభం ఉంది. ఫిలమెంటు వేడెక్కి పూర్తి వెలుగు ఇవ్వడానికి దాదాపు 0.2 సెకను పడుతుంది, ఎల్‌ఈడీ తక్షణం వెలుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెనుక వచ్చే వాహనం ఆ 0.2 సెకనులో మూడు మీటర్లకు పైగా ముందుకు వస్తుంది. ఎర్ర అద్దం వెనుక తెల్ల ఎల్‌ఈడీ పెట్టిన చవక దీపాలు మాత్రం కొనకండి. తెల్ల ఎల్‌ఈడీ వెలుగులో ఎరుపు పాలు తక్కువ, మిగిలినదంతా ఆ అద్దంలోనే ఆగిపోతుంది. ఎర్ర అద్దం వెనుక ఎర్ర ఎల్‌ఈడీయే ఉండాలి.

ప్రశ్న: నా కెఫే రేసర్ బండికి రెండు వైర్ల ఎల్‌ఈడీ పట్టీ ఒకటి పెట్టాను. రాత్రి మసకగానూ, బ్రేకు నొక్కితే గట్టిగానూ వెలగాలని దాని ఎర్ర వైరును టెయిల్ వైరుకూ బ్రేకు వైరుకూ రెండింటికీ కలిపాను. ఇప్పుడు హెడ్‌లైటు వేసినంతసేపూ అసలు బ్రేక్ లైటు వెలుగుతూనే ఉంటోంది. పగలు లైట్లు ఆపి బ్రేకు నొక్కితే స్పీడోమీటరు లోపలి దీపాలు కూడా వెలుగుతున్నాయి. పట్టీ చెడిపోయిందా?
– ఒక పాఠకుడు, టోలీచౌకీ

సమాధానం: పట్టీ చెడిపోలేదు. మీరు టెయిల్ వైరునూ బ్రేకు వైరునూ ఒకదానికొకటి కలిపేశారు, ఎల్‌ఈడీ ఎర్ర వైరు జాయింటే ఆ రెండింటి మధ్య వంతెన అయింది. లైట్లు వేస్తే టెయిల్ కరెంటు ఆ జాయింటు గుండా బ్రేకు వైరులోకి పోయి 21 వాట్ల ఫిలమెంటును వెలిగిస్తోంది. బ్రేకు నొక్కితే బ్రేకు కరెంటు అదే దారిలో ఎదురు నడిచి మీటరు దీపాలకు చేరుతోంది. ఇది వెంటనే విడదీయవలసిన పని, ఎందుకంటే ఎప్పుడూ వెలిగే బ్రేక్ లైటు అసలు లేని బ్రేక్ లైటు కన్నా ప్రమాదం. మీరు ఆగుతున్నారన్న కబురు వెనుకవాడికి ఏ విధంగానూ అందదు.

దీనికి రెండు డయోడ్లు, ఒక రెసిస్టరు చాలు. డయోడు కరెంటును ఒకే వైపుకు పోనిస్తుంది, రెసిస్టరు దానిని తగ్గిస్తుంది. 1ఎన్4007 డయోడు ఒక ఆంపియరు వరకూ మోస్తుంది, ఎల్‌ఈడీకి అది ఎక్కువే. బ్రేకు వైరు నుంచి ఒక డయోడు నేరుగా ఎల్‌ఈడీకి. టెయిల్ వైరు నుంచి ఇంకొక డయోడు, దాని వెనుక రెసిస్టరు, అక్కడి నుంచి ఎల్‌ఈడీకి. డయోడు మీద తెల్ల గీత ఉన్న కొస రెండు చోట్లా ఎల్‌ఈడీ వైపే ఉండాలి. అప్పుడు కరెంటు దీపం వైపు మాత్రమే నడుస్తుంది. రెసిస్టరు విలువను మీ పట్టీని బట్టి లెక్కకట్టాలి. ఎర్ర ఎల్‌ఈడీ ఒక్కొక్కటి రెండు వోల్టుల చొప్పున, మూడేసి వరుసగా ఉన్న పట్టీలో 6 వోల్టులు ఎల్‌ఈడీల మీద, మిగిలిన 6 వోల్టులు లోపలి రెసిస్టర్ల మీద పడతాయి. మొత్తం పట్టీ 0.2 ఆంపియరు తీసుకునేదైతే, 150 ఓంలు అదనంగా చేర్చినప్పుడు కరెంటు దాదాపు ఆరో వంతుకు తగ్గి మసక వెలుగు వస్తుంది. అందులో వేడిగా పోయేది అర వాటు కన్నా తక్కువే, కాబట్టి 1 వాటు రెసిస్టరు వేస్తే చల్లగా ఉంటుంది.

ఈ లెక్కలోనే ఇంకొక జాగ్రత్త దాగి ఉంది. ఇంజను నడుస్తున్నప్పుడు బండిలో ఉండేది 12 వోల్టులు కాదు, 14కు పైనే. 14.4 వోల్టుల దగ్గర మీ పట్టీలోని రెసిస్టర్ల మీద 6కు బదులు 8.4 వోల్టులు పడతాయి, అంటే కరెంటు 40 శాతం పెరుగుతుంది. ఇంటి అలంకరణకు అమ్మే పట్టీలు బండి మీద త్వరగా మాడిపోవడానికి కారణం ఇదే. 9 నుంచి 16 వోల్టుల వరకూ పనిచేస్తుందని రాసి ఉన్న వాహనాల దీపాన్నే కొనండి. అలాంటి వాటిలో లోపల డ్రైవరు, అంటే కరెంటును నిలకడగా ఉంచే సర్క్యూటు, ఉంటే బయటి రెసిస్టరుతో సరిగ్గా మసకబారదు, కాబట్టి టెయిల్‌కూ బ్రేకుకూ ఎర్త్‌కూ విడివిడిగా మూడు వైర్లున్నదే తీసుకోండి.

బండి 2017 కన్నా పాతదైతే, టెయిల్ వైరులో వచ్చేది డీసీయో ఏసీయో కూడా మీటరుతో చూడండి. చాలా పాత బండ్లలో బ్రేక్ లైటు, ఇండికేటర్లు బ్యాటరీ మీద నడిచినా, హెడ్‌లైటు, టెయిల్ లైటు మాత్రం ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే మాగ్నెటో నుంచి వచ్చే ఏసీ మీదే నడిచేవి. దాని మీద ఎల్‌ఈడీ మిణుకుమంటుంది, ఇంజను నెమ్మదించగానే ఆరినంత పని అవుతుంది. అలాంటి బండికి ఎల్‌ఈడీని బ్రేకు పనికి మాత్రమే ఉంచి, మసక వెలుగు ఆశ మానుకోండి.

ప్రశ్న: బ్రేకు నొక్కితే టకటకమని కొట్టుకునే ఫ్లాషరు మాడ్యూలు ఒకటి ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. పెట్టించుకుంటే మంచిదేనా? అదనపు లైటు పెట్టుకున్నందుకు పోలీసులు జరిమానా వేస్తారా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

సమాధానం: ఫ్లాషరు వద్దమ్మా. కొట్టుకునే దీపాన్ని వెనుకవారు ఇండికేటరుగానో, హజార్డుగానో అర్థం చేసుకుంటారు. బ్రేక్ లైటు ఎర్రగా, నిలకడగా వెలగాలి. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 108వ నియమం కూడా కొన్ని మినహాయింపులు తప్ప, వాహనం వెనుకవైపు ఎరుపు కాని వెలుగు, ముందువైపు ఎర్ర వెలుగు చూపకూడదనే చెబుతుంది. నీలం ఎరుపు కలిసి మెరిసే పట్టీలకు ఇక్కడ తావే లేదు.

చట్టం విషయంలో మార్పులు చేసిన బండ్ల వారందరూ తెలుసుకోవలసినది మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా ఉండేటట్టు వాహనాన్ని మార్చకూడదని అది చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానిని కచ్చితంగా పాటించాలని తీర్పు ఇచ్చింది. అదే ఏడాది చేసిన సవరణతో వచ్చిన 182ఏ సెక్షను ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ పడవచ్చు. అసలు దీపాన్ని కదిలించకుండా ఎర్రని చిన్న దీపం ఒకటి చేర్చడం రిజిస్ట్రేషను వివరాలను మార్చేది కాదు. ఫ్రేము కోయడం, ఇంజను మార్చడం వేరు. వాటికి ముందుగా ఆర్టీఏ కార్యాలయంలో అడిగి, అనుమతి వస్తేనే పని మొదలుపెట్టాలి. అసలు దీపాన్నీ రిఫ్లెక్టరునూ తీసేసి కొత్త ఎల్‌ఈడీ ఒక్కదానితో తిరగడాన్ని మాత్రం మేము ఏ విధంగానూ సమర్థించము.

ప్రశ్న: ఏబీఎస్ ఉన్న కొత్త బండికి కూడా ఇలాగే కలుపుకోవచ్చా?
– ఒక పాఠకుడు, అల్వాల్

సమాధానం: కలుపుకోవచ్చు కానీ వైరు కోయకండి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ పైబడిన బండ్లన్నింటికీ ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, తప్పనిసరి అయింది. వాటిలో కొన్నింటిలో బ్రేకు స్విచ్చు కబురు దీపానికే కాక కంట్రోలు యూనిట్లకు కూడా వెళుతుంది. అక్కడ మెలిపెట్టిన జాయింటు వదులైతే డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలగవచ్చు, వారంటీ వాదన కూడా మొదలవుతుంది. మీ మోడలు టెయిల్ ల్యాంపు కనెక్టరుకు సరిపోయే వై ఆకారపు అడాప్టరు దొరికితే, దానిని మధ్యలో గుచ్చి, ముందు చెప్పిన చిన్న ఫ్యూజుతో కలపండి. టెయిల్ ల్యాంపును కంట్రోలు యూనిట్టే నేరుగా నడిపే ఖరీదైన బండ్లలో కంపెనీ ఇచ్చిన యాక్సెసరీ కనెక్షను తప్ప వేరే మార్గం వెతకకండి. వెనుక ఫ్రేముకు లూపు వెల్డింగు చేయించే ఆలోచన ఉంటే, వెల్డింగుకు ముందు బ్యాటరీ టెర్మినళ్లు రెండూ తీసి, కంట్రోలు యూనిట్లు, రెక్టిఫయరు కనెక్టర్లు కూడా విప్పించండి.

ప్రశ్న: రెండో లైటు పెట్టాక రెండూ బాగానే వెలుగుతున్నాయి, కాకపోతే కాలి బ్రేకుకే. పాత బండికి ముందు డిస్కు బ్రేకు వేయించాను, చేతి బ్రేకు పట్టినప్పుడు ఏదీ వెలగదు. దీనికేమైనా చేయవచ్చా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

సమాధానం: తప్పకుండా చేయాలి, ఎందుకంటే బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. చాలా పాత బండ్లకు కాలి బ్రేకు స్విచ్చు ఒక్కటే ఉండేది. మీరు వేయించిన డిస్కు మాస్టరు సిలిండరులో లివరు కింద చిన్న స్విచ్చు పెట్టే చోటు ఉంటే అదే మేలు. లేకపోతే బ్రేకు పైపును పట్టి ఉంచే బాంజో బోల్టు స్థానంలో, ఆయిలు ఒత్తిడికి పనిచేసే స్విచ్చున్న బోల్టు వేయవచ్చు. అది కొనేటప్పుడు పాత బోల్టును వెంట తీసుకుపోండి. ఈ బోల్టులు 10 మిల్లీమీటర్ల మందంలోనే 1.0, 1.25 అని రెండు రకాల మరతో వస్తాయి. ఒకదాని బదులు ఇంకొకటి బలవంతంగా తిప్పితే మాస్టరు సిలిండరే పోతుంది.

వైరింగులో రెండు స్విచ్చులనూ ప్యారలల్‌గా కలపాలి. ఇగ్నిషన్ పాజిటివ్ రెండింటికీ విడివిడిగా రావాలి, రెండింటి రెండో కొసా ఒకే బ్రేక్ లైటు వైరులో కలవాలి. ఒకదాని తరువాత ఒకటిగా వరుసలో కలిపితే రెండు బ్రేకులూ ఒకేసారి పట్టినప్పుడు మాత్రమే దీపం వెలుగుతుంది. స్టీరింగు మెడ దగ్గర వైరు బిగుతుగా ఉండకూడదు, హ్యాండిలును రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసుకుని టై వేయండి. కాలి స్విచ్చు స్ప్రింగును కూడా, పెడల్ తన ఖాళీ కదలికలో ఉండగానే, బ్రేకు పట్టకముందే దీపం వెలిగేటట్టు బిగించండి. బాంజో బోల్టు మార్చినప్పుడు రాగి వాషర్లు రెండూ కొత్తవే వేసి, బ్రేకు ఆయిలులోని గాలి తీయించి, లివరును ఒక నిమిషం గట్టిగా పట్టి ఉంచి, బోల్టు దగ్గర తడి చేరుతోందేమో వేలితో తాకి చూసిన తరువాతే బండిని రోడ్డు మీదికి తీయండి.